రీబూట్‌ను దాటి బతికేది ఏది?

వర్చువల్ మెషీన్‌లో నడిచే విండోస్ సర్వర్‌కు ఒక విచిత్రమైన జబ్బు ఉంది. నెలవారీ అప్‌డేట్ ఎక్కుతుంది, రీస్టార్ట్ అడుగుతుంది, సరేనంటాం. తెర నల్లబడి విండోస్ గుర్తు కనిపిస్తుంది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. గంట గడిచినా అవే చుక్కలు. లాగిన్ తెర రాదు, నెట్‌వర్క్ నుంచి పిలిస్తే పలకదు. చివరికి విసిగి, దాన్ని బయటినుంచి బలవంతంగా ఆపేసి మళ్లీ స్టార్ట్ చేస్తే, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అప్‌డేట్ చెడ్డదని కొందరు, విండోస్ అంటేనే అంత అని కొందరు తీర్పు చెప్పేసి వేరే పనిలో పడతారు. కానీ ఈ ఘటనలో ఒక గట్టి సాక్ష్యం దాగి ఉంది. డిస్క్ అదే, విండోస్ అదే, అప్‌డేట్ అదే. రీస్టార్ట్ చేస్తే లేవనిది, ఆపి స్టార్ట్ చేస్తే లేచింది. ఆ రెండు పనుల మధ్య ఏదో తేడా ఉండాలి, జబ్బు కూడా ఆ తేడాలోనే ఉండాలి. కాబట్టి ఏది పాడైందని వెతికే ముందు, రీబూట్ చేసినా చెరగకుండా ఏది మిగిలిందని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని పొరపొరగా దిగుతూ పోతే, ఊహలతో గంటలు గడిపే పని తప్పుతుందని చూపడం ఈ అధ్యాయం ఉద్దేశం.

రీబూట్ అంటే పలక తుడిచి మళ్లీ మొదటి అక్షరం రాయడమని మన నమ్మకం. వర్చువల్ మెషీన్ విషయంలో ఆ నమ్మకం సగమే నిజం. ఒక పెద్ద యంత్రాన్ని అనేక చిన్న యంత్రాలుగా నమ్మించడం కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది. మనం వాడే మామూలు ప్రాసెసర్లలో ఇంటెల్ 2005లో, ఏఎమ్‌డీ 2006లో ఇందుకోసం ప్రత్యేక సదుపాయాలు చేర్చాక ఇది చవకైంది. ఫాబ్రిస్ బెల్లార్ 2003లో విడుదల చేసిన క్యూఎమ్యూ, 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో వచ్చిన కేవీఎం కలిసి ఈ పనిని ఎవరైనా ఉచితంగా చేసుకునేలా చేశాయి. ఈ ఏర్పాటులో విండోస్ నిజమైన కంప్యూటర్ మీద ఉన్నట్టే నడుస్తుంది. బయటినుంచి చూస్తే ఆ కంప్యూటర్ మొత్తం లినక్స్ మీద నడుస్తున్న ఒక ప్రోగ్రాం, అంటే క్యూఎమ్యూ, మాత్రమే. లోపలి ప్రాసెసర్, నెట్‌వర్క్ కార్డు, గడియారం అన్నీ ఆ ప్రోగ్రాం చేతిలోని లెక్కలు. లోపల విండోస్ రీస్టార్ట్ అయినప్పుడు ఆ ప్రోగ్రాం చావదు. విండోస్ రీసెట్ కోరిందని గమనించి, తన లెక్కలను తొలి విలువలకు తిప్పి, విండోస్‌ను మళ్లీ మొదటినుంచి నడిపిస్తుంది. బయటినుంచి ఆపి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఆ ప్రోగ్రాం పూర్తిగా అంతమై కొత్తది పుడుతుంది. మొదటి పద్ధతిలో ఏదైనా లెక్కను తిప్పడం మరచిపోతే అది పాత విలువతోనే కొత్త జన్మలోకి వెళ్తుంది. రెండో పద్ధతిలో మరచిపోవడానికి పాతదంటూ ఏదీ ఉండదు.

రీస్టార్ట్, షట్‌డౌన్ అనే మాటల్లో ఏది లోతైనదో చెప్పడం కూడా అనుకున్నంత తేలిక కాదు. విండోస్ 8 నుంచి మామూలు కంప్యూటర్లలో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది పనిచేస్తున్నచోట షట్‌డౌన్ నొక్కితే విండోస్ తన కెర్నల్‌ను డిస్క్ మీద ఒక ఫైల్‌లో భద్రపరచి నిద్రపోతుంది, మర్నాడు దాన్నే తిరిగి మెమరీలోకి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్ నొక్కితే అలా దాచుకోదు, కెర్నల్‌ను కొత్తగా ఎక్కించుకుంటుంది. అంటే విండోస్ లోపలినుంచి చూస్తే షట్‌డౌన్ కన్నా రీస్టార్టే శుభ్రమైనది. వర్చువల్ మెషీన్ బయటినుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది, రీస్టార్ట్ కన్నా ఆపి స్టార్ట్ చేయడమే శుభ్రమైనది. ఒకే యంత్రానికి రెండు సమాధానాలు ఎందుకొచ్చాయంటే, చూస్తున్న పొరలు రెండు. ఏ పొరలోని జ్ఞాపకం గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా రీబూట్ చేశాం అనే మాటకు అర్థం లేదు.

ఇక రుజువులకు వద్దాం. తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఘటన 2024 జులై 19 నాటిది. ఆ ఉదయం మన కాలమానం ప్రకారం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఛానల్ ఫైల్ 291 అనే చిన్న ఫైల్‌ను పంపింది. అందులోని లోపం వల్ల విండోస్ కెర్నల్ లోపలే కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే అలాంటి ఇండిగో పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. 10:57కల్లా సంస్థ తప్పుడు ఫైల్‌ను వెనక్కి తీసుకుంది. అయినా పడిపోయిన యంత్రాలు లేవలేదు. రీస్టార్ట్ చేస్తే నీలి తెర, ఆపి స్టార్ట్ చేసినా నీలి తెర. మన ప్రశ్నను ఇక్కడ అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. కరెంటు తీసేసినా మిగిలేది డిస్క్ ఒక్కటే, కాబట్టి దోషి డిస్క్ మీదే ఉంది. అజూర్ క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్లను బాగు చేసిన తీరు కూడా దీన్నే ధ్రువపరుస్తుంది. లేవని మెషీన్ డిస్క్‌ను ఊడదీసి, ఆరోగ్యంగా ఉన్న మరో మెషీన్‌కు తగిలించి, ఆ ఒక్క ఫైల్‌ను తుడిచి, డిస్క్‌ను తిరిగి పాతచోట పెట్టారు. కొందరికి మళ్లీ మళ్లీ రీబూట్ చేయగా, ఒక్కోసారి 15 సార్లు చేశాక, మెషీన్ లేచిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇది మంత్రంలా కనిపిస్తుంది గానీ కాదు. కూలిపోయే లోపల దొరికే కాస్త వ్యవధిలో నెట్‌వర్క్ అంది, సరిచేసిన ఫైల్ దిగుమతైతే డిస్క్ మీది స్థితి మారుతుంది. ఆ పందెంలో ఎన్నోసారికో గెలవడమే ఆ 15 రీబూట్ల రహస్యం. మిగిలినది మారనంతవరకు ఫలితం కూడా మారదు.

రెండో రుజువు మొదట చెప్పిన చుక్కల జబ్బు. ప్రాసెసర్‌లో టైమ్ స్టాంప్ కౌంటర్ అని ఒక లెక్కపెట్టే భాగం ఉంటుంది. 1993 నాటి పెంటియం నుంచి ఉన్న ఈ 64 బిట్ల కౌంటర్, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో సెకనుకు 300 కోట్ల చొప్పున ముందుకు పోతుంది. ఆటోలో కొత్త బేరం ఎక్కినప్పుడు మీటర్ సున్నాకు తిరగాలన్నట్టు, ప్రాసెసర్ రీసెట్ అయినప్పుడు ఈ కౌంటర్ సున్నాకు రావాలి. వర్చువల్ మెషీన్‌లో అది రావడం లేదని 2022 మార్చిలో క్యూఎమ్యూకు పాలో బోంజీనీ రాసిన ఒక చిన్న సవరణలో బయటపడింది. కౌంటర్ విలువ 2కు 54వ ఘాతం దాటి ఉన్నప్పుడు కొన్ని విండోస్ వెర్షన్లు రీబూట్‌లో హ్యాంగ్ అవుతున్నాయని అందులో ఉంది. విండోస్ లేచేటప్పుడు ఈ కౌంటర్‌ను మరో గడియారంతో సరిచూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ అయిన హైపర్-వీ పద్ధతి ప్రకారం 100 నానోసెకన్లు ఒక ప్రమాణంగా నడిచే గడియారం అది. ఆ లెక్కలో సంఖ్య పట్టనంత పెద్దదై పొంగిపోతే, ప్రాసెసర్ల గడియారాలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరదు. 64 బిట్ల కౌంటర్ నిండాలంటే 3 గిగాహెర్ట్జ్ వేగంతో దాదాపు 195 ఏళ్లు పడుతుంది, కాబట్టి కౌంటర్ నిండలేదు. కానీ 2కు 54వ ఘాతాన్ని 1,024తో గుణిస్తే చాలు, జవాబు 64 బిట్లలో పట్టదు. విలువ హద్దుకు ఎంతో దూరంలో ఉన్నా, దానితో చేసే గుణకారం హద్దు దాటిపోగలదు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. 2కు 54వ ఘాతం అంటే సుమారు 18,014 లక్షల కోట్లు. దాన్ని సెకనుకు 300 కోట్లతో భాగిస్తే 60 లక్షల సెకన్లు, అంటే 69 రోజుల పైచిలుకు. ప్రాసెసర్ వేగం 2.4 గిగాహెర్ట్జ్ అయితే దాదాపు 87 రోజులు, 2 గిగాహెర్ట్జ్ అయితే 104 రోజులు. ఈ గడువు లెక్కలోకి వచ్చేది విండోస్ చివరిసారి రీస్టార్ట్ అయినప్పటినుంచి కాదు, ఆ వర్చువల్ మెషీన్‌ను చివరిసారి పూర్తిగా ఆపి స్టార్ట్ చేసినప్పటినుంచి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, అంటే నాలుగు లేదా ఐదు వారాలకోసారి. 3 గిగాహెర్ట్జ్ హోస్ట్ (వర్చువల్ మెషీన్లను మోసే అసలు కంప్యూటర్) మీద, ఒక అప్‌డేట్ తర్వాత మెషీన్‌ను ఆపి స్టార్ట్ చేశామనుకోండి. మొదటి నెల రీబూట్ 30 రోజుల దగ్గర జరుగుతుంది, లేస్తుంది. రెండోది 60 రోజుల దగ్గర, అప్పుడూ లేస్తుంది. మూడోది 90 దగ్గర, ఆగిపోతుంది. విసిగి ఆపి స్టార్ట్ చేస్తాం. దాంతో తెలియకుండానే కౌంటర్ సున్నాకు చేరి, మళ్లీ రెండు నెలల గడువు దొరుకుతుంది. చూసేవారికి మాత్రం మూడు నెలలకోసారి ఏదో చెడ్డ అప్‌డేట్ వస్తున్నట్టు తోస్తుంది.

కౌంటర్ ఎందుకు తిరగలేదన్న కథ ఇంకా ఆసక్తికరం. క్యూఎమ్యూ తన బాధ్యత మరవలేదు. రీసెట్ సమయంలో కౌంటర్‌లో సున్నా రాయమని కేవీఎంకు చెబుతూనే ఉంది. కేవీఎంకు మాత్రం సున్నా అంటే వేరే అర్థం ఉంది. నడుస్తున్న మెషీన్‌కు కొత్తగా ఒక ప్రాసెసర్‌ను చేర్చినప్పుడు దాని కౌంటర్ కూడా సున్నాతోనే మొదలవుతుంది. అప్పుడు దాన్ని మిగతా ప్రాసెసర్లతో సమానం చేయాలి, లేకుంటే ఒకే యంత్రంలో రెండు కాలాలు నడుస్తాయి. అందుకని ఎవరైనా సున్నా రాస్తే, ఇది కొత్త ప్రాసెసర్ అని భావించి, దాన్ని పాతవాటి లెక్కలో కలిపేసేది కేవీఎం. మెషీన్ మొదటిసారి పుట్టినప్పుడు ఆ ఊహ సరైనదే. రీబూట్‌లో మాత్రం ఆ సహాయమే శాపమైంది. సున్నా రాసిన ప్రతిసారీ పాత విలువ తిరిగి వచ్చింది. దీనికి కుదిరిన వైద్యం చూస్తే నవ్వొస్తుంది: ఒకసారైనా నడిచిన ప్రాసెసర్‌కు రీసెట్‌లో సున్నాకు బదులు 1 రాయడం. ఒక టిక్కు అంటే సెకనులో 300 కోట్లవ వంతు, దాని వల్ల ఎవరి కాలమూ తప్పిపోదు. కేవీఎం మాత్రం దాన్ని మామూలు విలువగా తీసుకుని ఒప్పుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన క్యూఎమ్యూ 7.0లో ఈ సవరణ చేరింది.

దీనికి మొదటి అభ్యంతరం ఊహించదగినదే. హ్యాంగ్ అయినప్పుడల్లా అప్‌డేట్ పక్కనే ఉంది కదా, దాన్ని వదిలేసి ఎక్కడో కౌంటర్‌ను పట్టుకోవడమేమిటి అని. పక్కన ఉండటం, కారణం కావడం ఒకటి కాదని తేల్చడానికి ఇక్కడ మంచి పరీక్ష ఉంది. సర్వర్లలో చాలావాటిని అప్‌డేట్ కోసమే రీబూట్ చేస్తారు, అందువల్ల రీబూట్‌తో వచ్చే ఏ జబ్బైనా అప్‌డేట్ రోజే బయటపడుతుంది. ఒకే 3 గిగాహెర్ట్జ్ హోస్ట్ మీద, ఒకే అప్‌డేట్ ఎక్కిన రెండు మెషీన్లను తీసుకోండి. ఒకటి వారం క్రితం ఆపి స్టార్ట్ చేసినది, రెండోది మూడు నెలలుగా ఆపకుండా నడుస్తున్నది. అప్‌డేట్ దోషి అయితే రెండూ పడాలి. కౌంటర్ దోషి అయితే రెండోదే పడాలి. దీన్ని తిప్పి కూడా చూడొచ్చు. మూడు నెలలుగా నడుస్తున్న మెషీన్‌ను ఏ అప్‌డేటూ లేకుండా ఊరికే రీస్టార్ట్ చేస్తే అప్పుడూ పడాలి. మంచి సిద్ధాంతం తాను ఎక్కడ ఓడిపోవచ్చో ముందే చెప్పగలగాలి. ఎన్ని గిగాహెర్ట్జ్‌కు ఎన్ని రోజులో ముందే చెప్పే ఈ వివరణకు ఆ లక్షణం ఉంది, అప్‌డేట్ చెడ్డదన్న మాటకు లేదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఆపి స్టార్ట్ చేస్తే బాగవుతున్నప్పుడు ఇంత తవ్వడం ఎందుకు, పని గడిస్తే చాలదా అని. గడిచేది ఆ నెలకు మాత్రమే. పైగా బలవంతంగా ఆపడం కరెంటు తీసేయడంతో సమానం. అప్‌డేట్ మధ్యలోనో, డేటాబేస్ రాతల మధ్యలోనో చేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆపడంతో సాక్ష్యం చెరిగిపోతుంది. ఆ క్యూఎమ్యూ ప్రోగ్రాం ఎన్ని రోజులుగా నడుస్తోందో, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుందో లేక పూర్తిగా మండుతోందో, తెర మీద ఏముందో, ఇవి ఆపే ముందే నమోదు చేయాలి. దూరం కూడా ఒక కారణం. వర్చువల్ మెషీన్‌ను నెట్‌వర్క్‌లో ఎక్కడినుంచైనా ఆపొచ్చు, దాని డిస్క్‌ను ఊడదీయొచ్చు. బల్ల మీది నిజమైన కంప్యూటర్‌కు ఆ వీలు లేదు. క్రౌడ్‌స్ట్రైక్ లోపంతో దెబ్బతిన్న చాలా యంత్రాల దగ్గరకు మనిషి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. శంషాబాద్ కౌంటర్ల దగ్గరకు నడిచి వెళ్లొచ్చు. తెలంగాణ సరిహద్దు అవతల బస్తర్‌లోని తర్రెం లాంటి మారుమూల చోట ఉన్న కంప్యూటర్ అలా ఆగితే, మళ్లీ ఆన్ చేసి చూడండి అనే సలహా వెనుక ఒక మనిషి ప్రయాణం ఉంటుంది. ఏ పొర వరకు రీబూట్ చేస్తే సరిపోతుందో ముందే తెలిసి ఉండటం అక్కడ సౌకర్యం కాదు, అవసరం.

మూడో అభ్యంతరం: ప్రతి హ్యాంగూ ఈ చట్రంలో ఇముడుతుందా? ఇమడదు, ఆ హద్దు చెప్పి తీరాలి. రీబూట్‌లో రెండు సగాలు ఉంటాయి, పడుకోవడం, లేవడం. విండోస్ ఇంకా షట్ డౌన్ అవుతూనే ఆగిపోతే రీసెట్ అసలు జరగనే లేదు, కాబట్టి దాన్ని దాటి ఏం మిగిలిందన్న ప్రశ్నే పుట్టదు. ఆగనని మొండికేసిన సర్వీసో, పూర్తికాని అప్‌డేటో అక్కడి అనుమానితులు. తెర మీద వర్చువల్ మెషీన్ ఫర్మ్‌వేర్ గుర్తు మళ్లీ కనిపించిందా లేదా అన్నదే ఈ రెండు సగాలను విడదీసే గీత. మరోవైపు, మిగిలే జ్ఞాపకం క్యూఎమ్యూ కన్నా కింది పొరలో కూడా ఉండొచ్చు. గేముల కోసమో, కృత్రిమ మేధ పనుల కోసమో నిజమైన గ్రాఫిక్స్ కార్డును నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించేవాళ్లకు ఇది అనుభవమే. పోలారిస్, వేగా, నావి తరాల ఏఎమ్‌డీ కార్డులలో కొన్ని, మెషీన్‌ను ఒకసారి ఆపాక సరిగా రీసెట్ కావు. మెషీన్‌ను ఆపి స్టార్ట్ చేసినా తెర వెలగదు, హోస్ట్ కంప్యూటర్‌నే రీబూట్ చేయాలి. ప్రోగ్రాం చచ్చి పుట్టినా కార్డు మీది చిప్ పాత స్థితిలోనే ఉండిపోవడం దీనికి కారణం. ఈ ఉదాహరణతో మన నిచ్చెన పూర్తవుతుంది. రీస్టార్ట్‌కు లొంగక, ఆపి స్టార్ట్ చేస్తే లొంగేది క్యూఎమ్యూ లెక్కల్లో ఉంది. దానికీ లొంగక హోస్ట్ రీబూట్‌కు లొంగేది నిజమైన హార్డ్‌వేర్‌లో ఉంది. దేనికీ లొంగనిది డిస్క్ మీద ఉంది, దాన్ని మరో మెషీన్‌కు తగిలించి చూడాలి.

నాలుగోది నింద గురించిన ప్రశ్న. తప్పు ఎవరిది, పొంగిపోయే గుణకారం రాసిన విండోస్‌దా, సున్నాను అపార్థం చేసుకున్న కేవీఎందా, దాన్ని గమనించని క్యూఎమ్యూదా? మూడింటినీ విడివిడిగా పరీక్షిస్తే మూడూ సమర్థించుకోగలవు. రీసెట్‌లో కౌంటర్ సున్నా అవుతుందని విండోస్ నమ్మడం హార్డ్‌వేర్ నియమం ప్రకారమే. కొత్త ప్రాసెసర్‌ను పాతవాటితో కలపాలని కేవీఎం చూడటం మంచి ఉద్దేశమే. సున్నా రాసి తన పని అయిపోయిందనుకోవడం క్యూఎమ్యూకు సహజమే. తప్పు ఒకరి మాటను మరొకరు అర్థం చేసుకునే హద్దు మీద ఉంది. అందుకే ఏ ఒక్క భాగాన్ని విడిగా పరీక్షించినా ఇది దొరకదు, రెండు నెలలకు పైగా నడిపి రీబూట్ చేస్తేగాని కనిపించదు.

ఎక్కువకాలం చెరగని లెక్క ఎంత ప్రమాదమో చెప్పడానికి వర్చువల్ మెషీన్లే అక్కర్లేదు. విండోస్ 95 మిల్లీసెకన్ల కౌంటర్ 32 బిట్లలో ఉండటం వల్ల 49.7 రోజులకు నిండి యంత్రం హ్యాంగయ్యేది. బోయింగ్ 787 విమానం జనరేటర్లను నియంత్రించే యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే కౌంటర్ పొంగి విద్యుత్తు మొత్తం పోగలదని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ప్రకటించి, 120 రోజులు మించకుండా ఒకసారి పవర్ పూర్తిగా తీసేయమని ఆదేశించింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ 100 గంటలకు పైగా ఆపకుండా నడిచి, కాలం లెక్కలో సెకనులో మూడో వంతు తేడా పోగేసుకుంది. ఎదురొచ్చిన స్కడ్ క్షిపణిని అది పట్టలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. మూడుచోట్లా అప్పటికి అందుబాటులో ఉన్న మందు ఒకటే, మధ్యమధ్య ఆపి స్టార్ట్ చేయడం. ఆ మందు ఏ గడువులోపల వేయాలో తెలియాలంటే మాత్రం ఏ లెక్క మిగులుతోందో, అది ఎంత వేగంగా పెరుగుతోందో తెలియాలి. బోయింగ్ విషయంలో అది తెలిసింది కాబట్టే 248లో సగానికన్నా తక్కువగా 120 అన్న సంఖ్య నిర్ణయమైంది.

వర్చువల్ మెషీన్లను చూసుకునేవారికి దీనినుంచి దక్కే ఆచరణ చాలా చిన్నది. క్యూఎమ్యూ 7.0 కన్నా పాతదైతే మార్చుకోవాలి. అయితే ప్యాకేజీని మార్చినంత మాత్రాన, ఇప్పటికే నడుస్తున్న మెషీన్ పాత ప్రోగ్రాంతోనే నడుస్తూ ఉంటుందని మరవకూడదు. ఆ మెషీన్‌ను ఒకసారి ఆపి స్టార్ట్ చేస్తేగాని సవరణ దానికి అందదు, అంటే రీబూట్‌ను దాటి బతికే వాటిలో పాత సాఫ్ట్‌వేర్ కూడా ఒకటి. ప్రతి మెషీన్ చివరిసారి విండోస్‌లో రీస్టార్ట్ అయిన తేదీ మాత్రమే ఉండే రిజిస్టర్‌లో, బయటినుంచి ఆపి స్టార్ట్ చేసిన తేదీకి రెండో గడి, హోస్ట్ రీబూట్ అయిన తేదీకి మూడో గడి చేర్చాలి. వచ్చే నెల ఏదైనా మెషీన్ చుక్కల దగ్గర ఆగిపోతే, ఆ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. అనుమానం ఏ పొర మీద పెట్టాలో, ఏ పొరను వదిలేయవచ్చో అవే చెబుతాయి.